ఎగిరే కుక్కకు మోకాలి దెబ్బ మందు కాదు

వైజాగ్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్ ఒకటుంది. అందులో ఉన్నది ఇంతే: "కుక్క మనుషుల మీదికి ఎగిరితే పెత్తనం చేయాలని చూస్తోందని అర్థం. మోకాలితో ఛాతీ మీద ఒక్కటివ్వండి, లేదా ముందుకాళ్లు పట్టుకుని గట్టిగా నొక్కండి. మూడు రోజుల్లో మానేస్తుంది. ఏడాది దాటిన కుక్కకైతే వేరే దారే లేదు." ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. నమ్మి పాటిస్తే ముందు దెబ్బతినేది కుక్క, తర్వాత ఆ ఇంటికొచ్చేవాళ్లు.

పెత్తనం సంగతి ముందు చూద్దాం. కుక్కపిల్లలు తల్లి మూతి నాకి పలకరిస్తాయి. మన మూతి అయిదడుగుల ఎత్తున ఉంది కాబట్టి అందుకోవడానికి ఎగురుతాయి. గుంపులో పెత్తనం కోసం పోరాటమనే ఆలోచన జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బోనులో కలిపి ఉంచిన తోడేళ్ల మీద చేసి 1947లో ప్రచురించిన పరిశీలన నుంచి కుక్కలకూ పాకింది. దాన్ని జనంలోకి తీసుకెళ్లిన శాస్త్రవేత్తల్లో ఒకరైన డేవిడ్ మీచ్ 1999లో తానే సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ వాటి పిల్లలూనని చెప్పారు. ఆఫీసు నుంచి వచ్చిన మిమ్మల్ని చూసి తోక ఊపుతూ ఎగిరే లాబ్రడార్ ఏ సింహాసనమూ అడగడం లేదు.

ఇక మోకాలు. పాతిక, ముప్ఫై కిలోల కుక్క తన వేగంతో వచ్చి మోకాలికి తగిలితే పక్కటెముకలు దెబ్బతినొచ్చు. ఒంటికాలి మీద నిలబడి పెద్దవాళ్లు పడిపోనూవచ్చు. నొప్పి తగిలిన కుక్క "ఎగరకూడదు" అనే నేర్చుకుంటుందన్న భరోసా లేదు. "మనిషి దగ్గరికొస్తే నొప్పి" అని నేర్చుకుంటే ఇవాళ ఎగిరేది రేపు గుర్రుమంటుంది. మొండి కుక్కలకైతే అది కుస్తీ ఆటలా అనిపించి ఇంకా రెచ్చిపోతాయి. ముందుకాళ్లు నొక్కితే పాదం ముట్టుకోనివ్వదు, గోళ్లు కత్తిరించడం నరకమవుతుంది. పైగా కుక్కను కొట్టడం, తన్నడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం.

మూడు రోజుల గడువు కూడా అబద్ధమే. కుక్క ఎగిరేది మన దృష్టి కోసం. "నో, నో" అని అరవడం, చేతులతో తోయడం దానికి పలకరింపులే. మనం పట్టించుకోవడం మానేసిన కొత్తలో అది తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అప్పటిదాకా పనిచేసిన ఉపాయాన్ని మరింత గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు. ఇంట్లో నలుగురు పట్టించుకోకుండా తాతగారు మాత్రం "పాపం, ఎంత ప్రేమో" అని నిమిరితే ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతిని కుక్క అంత తేలిగ్గా వదులుకోదు.

మరి ఏం చేయాలి? ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. కూరలో ముక్క వద్దు, ఉల్లి కుక్కలకు విషం. నాలుగడుగుల తాడుతో కుక్కను కిటికీ గ్రిల్‌కి కట్టండి. పది అడుగుల దూరం నుంచి మామూలు నడకతో దగ్గరికి రండి. నాలుగు పాదాలూ నేల మీద ఉన్నంతసేపే ముందుకు అడుగు. ఒక్క పాదం లేచినా, మాట్లాడకుండా రెండడుగులు వెనక్కి. దగ్గరికొచ్చాక ముక్కను దాని ముందుపాదాల మధ్య నేల మీద పెట్టండి. చేతిని ఎత్తులో పెట్టి ఇస్తే దాన్ని మీరే పైకి లేపుతున్నట్టు. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు చాలు.

ఎక్కువగా తప్పేది ముక్క ఇచ్చే సమయం దగ్గరే. కుక్క ఎగిరింది, "సిట్" అన్నారు, కూర్చుంది, ముక్క ఇచ్చారు. అప్పుడు దానికి అర్థమయ్యేది: ఎగిరి, దిగి, కూర్చుంటే చికెన్. పాదాలు లేవకముందే ఇవ్వాలి. ఒకవేళ ఎగిరితే, దిగాక నాలుగైదు సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. "సిట్" చెప్పినా కూర్చోకపోతే మొండితనం అనుకోకండి, కింద చూడండి. నున్నటి టైల్స్ మీద వెనకకాళ్లు జారతాయి. ఒక గోనెపట్టా పరిస్తే చాలాసార్లు ఆ సమస్య తీరిపోతుంది.

కుక్క ఎగిరితే వీపు తిప్పుకోమని కొందరిచ్చే సలహా కూడా అన్ని కుక్కలకూ పనిచేయదు. కొన్ని వీపు మీదికే ఎగురుతాయి. అలాంటప్పుడు గది బయటికెళ్లి, తలుపేసి, పది సెకన్లాగి రండి.

కాలింగ్‌బెల్ వేరే పాఠం. కొరియర్ అబ్బాయికి శిక్షణ ఇవ్వలేం కాబట్టి తలుపు పక్కన ముక్కల డబ్బా పెట్టండి. బెల్ మోగగానే అయిదారు ముక్కలు తలుపుకి దూరంగా నేల మీద చల్లండి. అవి ఏరుకునేలోపు తాడు వేసేయండి. తాడును కాలికింద తొక్కిపట్టినా సరే, కుక్క నిలబడటానికి, కూర్చోవడానికి ఇబ్బంది లేనంత వదులుంచాలి. ఎగరబోయినప్పుడు మాత్రమే తాడు బిగుసుకోవాలి. మెడ బెల్టు కంటే ఛాతీ చుట్టూ తొడిగే బాడీ హార్నెస్ నయం.

ఏడాది దాటిన కుక్క నేర్చుకోదన్నదీ తప్పే. పాత అలవాటు గనక రోజులు ఎక్కువ పడతాయి, అంతే. వరస మాత్రం తప్పకండి: ముందు ఇంట్లోవాళ్లు, తర్వాత పక్క ఫ్లాట్ వాళ్లు, వాచ్‌మన్, లిఫ్ట్, చివర్లో బీచ్ రోడ్. సాయంత్రం ఆర్కే బీచ్ జనంలోకి మొదటిరోజే తీసుకెళ్లొద్దు. తెల్లవారుజామున, ఉక్కపోత మొదలవకముందు, నడిచేవాళ్లకు పాతిక అడుగుల దూరంలో మొదలుపెట్టండి. ఆ దూరంలో ముక్క తినడం మానేసి జనాన్నే చూస్తుంటే ఇంకా వెనక్కి జరగాలి. ఎవరైనా ముద్దు చేయడానికి వస్తే "నాలుగు కాళ్లూ కిందున్నప్పుడే ముట్టుకోండి" అని ముందే చెప్పండి. వినకపోతే కుక్కను తీసుకుని పక్కకి నడవండి.