షెరీఫ్‌కు గడువు, లాడ్జికి చట్టం

అమెరికాలో ఒక తెలుగు సంఘాన్ని రిజిస్టరు చేయించడానికి ఈనాడు ఏ శాసనసభ్యుడి గడపా తొక్కనక్కరలేదు. పత్రం నింపి, రుసుము కట్టి, రాష్ట్ర కార్యాలయంలో దాఖలు చేస్తే సరిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ఇది ఇంత తేలిక కాదు. మేసన్లు, ఆడ్ ఫెలోస్ వంటి సోదర సంఘాల లాడ్జి, అంటే స్థానిక శాఖ, చట్టబద్ధమైన సంస్థ కావాలంటే, అనేక రాష్ట్రాల్లో ఆ ఒక్క లాడ్జి పేరు మీదనే శాసనసభ ఒక ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చేది.

ఆ చట్టం కోసం లాడ్జీలు పాకులాడింది హోదా కోసం కాదు. సభ్యుల చందాలతో కొన్న స్థలం నలుగురైదుగురు వ్యక్తుల పేర్ల మీద ఉంటే, వారిలో ఒకరు కన్నుమూసిన నాడు వారసులతో పేచీ వచ్చే ప్రమాదం ఉండేది. 1868లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో జాన్ జోర్డన్ అప్‌చర్చ్ స్థాపించిన ‘ఏన్షెంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్’ వంటి సంఘాలలో, సభ్యుడు మరణిస్తే మిగిలినవారు తలా ఒక డాలరు వేసుకుని అతని కుటుంబాన్ని ఆదుకునేవారు. అటువంటి సొమ్ముకు చట్టం అండ లేకపోతే ఇబ్బంది పడేది వితంతువులూ పిల్లలే.

కెంటకీ రాష్ట్రపు ఆనాటి స్థానిక, ప్రైవేటు చట్టాల సంపుటాలలో లాడ్జీల చట్టాల సరసనే మరో రకం చట్టాలు కనిపిస్తాయి. అక్కడ పన్నులు వసూలు చేసే బాధ్యత కౌంటీ (మన జిల్లా వంటి విభాగం) అధికారి అయిన షెరీఫ్‌ది. అందుకు అతడు జామీనుదారులతో పూచీపత్రం రాసి ఇచ్చేవాడు. గడువులోగా సొమ్ము జమ చేయకపోతే అతడితోపాటు వారూ బాధ్యులయ్యేవారు. బకాయిలు మిగిలిపోయిన షెరీఫ్ శాసనసభను ఆశ్రయిస్తే, అతని పేరు మీద గడువు పొడిగిస్తూ ఒక చట్టం వెలువడేది. అడిగే దారి తెలిసినవాడికి ఊరట దొరికేది, తెలియనివాడికి నియమం మిగిలేది.

లాడ్జి చట్టానికీ షెరీఫ్ గడువుకూ పోలికేమిటని అనిపించవచ్చు. 1891 నాటి కెంటకీ రాజ్యాంగం ఈ రెండింటినీ ఒకే జబ్బుగా గుర్తించింది. శాసనసభ స్థానిక, ప్రత్యేక చట్టాలు చేయరాదని చెప్పే 59వ సెక్షన్‌లో 15వ అంశం పన్ను వసూలుదారుకు గాని, అతని జామీనుదారులకు గాని మినహాయింపు ఇవ్వడాన్ని నిషేధిస్తే, 17వ అంశం ఏ సంస్థకైనా విడిగా చార్టరు (సంస్థగా గుర్తించే అధికార పత్రం) మంజూరు చేయడాన్ని నిషేధించింది. అందరికీ వర్తించే సాధారణ చట్టం చేయగలిగిన చోట ప్రత్యేక చట్టం కూడదని 29వ అంశం తేల్చి చెప్పింది.

ఇండియానా రాష్ట్రం ఈ మార్గాన్ని 1851లోనే పట్టింది. న్యూయార్క్ 1848లో ధార్మిక, సేవా సంఘాల కోసం ఒక సాధారణ చట్టం చేసింది. అయిదుగురు కలిసి, ఒక న్యాయమూర్తి సమ్మతితో, సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అయితే ఆ అయిదుగురూ అమెరికా పౌరులై ఉండాలి. ఆ షరతే నేటికీ ఉండి ఉంటే, వీసాల మీద వచ్చి సంఘాలు కట్టిన మన తొలితరం సంగతి ఏమయ్యేదో ఆలోచించండి. మన దేశంలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఏడుగురు కలిస్తే చాలునన్న సాధారణ చట్టమే.

ఈ చరిత్రను ఇప్పుడు తవ్వి తీయడానికి నాకు ఒక కారణముంది. నేను పనిచేసిన ఒక సంఘంలో, ఎన్నికల ముందు సభ్యత్వ గడువు ముగిసిన తరువాత, ఒక వర్గం దరఖాస్తుల కోసం కార్యవర్గం దానిని పది రోజులు పొడిగించింది. ఆ సంగతి మిగతావారికి ఆ పది రోజులూ గడిచాక గాని తెలియలేదు. డబ్బు చేతులు మారలేదు, అబద్ధపు పత్రాలూ లేవు. అయినా అది షెరీఫ్‌కు ఇచ్చిన గడువు వంటిదే, మనవాడన్న కారణంతో నియమాన్ని వంచడమే. బైలాస్‌ను, అంటే సంఘ నియమావళిని, రిజిస్ట్రేషన్ నాటి లాంఛనంగా భావించి బీరువాలో పెట్టడం వల్లనే ఇది సాధ్యమవుతోంది.

కనుక ప్రతి సంఘమూ రాబోయే సర్వసభ్య సమావేశంలో బైలాస్‌కు ఒక సవరణ చేర్చాలని నా ప్రతిపాదన. సభ్యత్వ గడువు, రుసుము, అభ్యర్థి అర్హతలను మార్చే అధికారం కార్యవర్గానికి ఉండకూడదు. సర్వసభ్య సమావేశం మార్చినా ఆ మార్పు సభ్యులందరికీ ఒకేలా, అదీ తరువాతి ఎన్నిక నుంచి మాత్రమే వర్తించాలి.