అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోంది, ఆటోనగర్ బిల్లు ఎప్పుడొస్తుంది?

ఈ వారం కూడా ఫోన్ తెరిస్తే అవే వార్తలు. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడుతుందట, అమరావతి క్వాంటం వ్యాలీకి ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం వస్తుందట. వాటి కిందే పొద్దున ఐదింటికి లేస్తే జీవితం మారిపోతుందని చెప్పే వీడియోలు. ఆ పెట్టుబడులన్నీ రావాలి, మన పిల్లలకు ఇక్కడే పని దొరకాలి. కానీ బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డును, రెండు లేతు మిషన్లున్న వర్క్‌షాపును ముంచుతున్నది ఏమిటో ఆ వార్తల్లో ఎక్కడా కనపడదు. చేసిన పనికి డబ్బు రాకపోవడమే వాటిని ముంచుతోంది.

సరుకు దించిన రోజు నుంచి తిప్పడం మొదలు. వచ్చే సోమవారం చూద్దాం అంటారు. సోమవారం వెళ్తే అకౌంట్స్ ఆయన సెలవు, ఆ పై వారం సంతకం పెట్టే సారు ఊళ్లో ఉండరు. అలా మూడు నెలలు గడిచిపోతాయి. ఈలోపు శనివారం వస్తే వర్కర్లకు కూలి ఇవ్వాల్సిందే. స్టీలు షాపు ఆగదు. మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తారు, అంటే ఏడాదికి 36 శాతం. పని చేయించుకున్న పెద్ద పార్టీ పైసా వడ్డీ లేకుండా వాడుకుంటున్న డబ్బుకి చిన్న షెడ్డు వడ్డీ కడుతోంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

దీనికి చట్టం 2006 నుంచే ఉంది, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం. కొనేవాడితో రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువు, అదైనా 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.5 శాతం ఉందనుకోండి, వడ్డీ 16.5 శాతం. నాలుగు లక్షల బిల్లు గడువు దాటి మూడు నెలలు ఆగితే సుమారు 16,700 రూపాయలు. మన లెక్కలో రూపాయి ముప్పై ఏడు పైసల వడ్డీ. బయట కట్టే మూడు రూపాయల్లో సగం కూడా రాదు, నిజమే. కానీ అది మీ హక్కు. కొనేవాడు ఆ వడ్డీని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి కూడా వీల్లేదు.

ఈ హక్కు చేతికి రావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వ పోర్టల్లో నమోదు, ఉండాలి. ఆధార్, పాన్, జీఎస్టీ వర్తించేవారికి ఆ నంబరు ఉంటే చాలు, పైసా ఫీజు లేదు. సర్టిఫికెట్ పేరుతో వేలకు వేలు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు, అడ్రసులో గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. అసలు పొరపాటు జరిగేది ఎన్ఐసీ కోడ్ దగ్గర, అంటే మీరు చేసేది ఏ పనో చెప్పే అంకె దగ్గర. 45, 46, 47తో మొదలయ్యే కోడ్ పడితే మిమ్మల్ని ట్రేడర్ కింద లెక్కేస్తారు. ట్రేడర్లకు ఉద్యమ్ ఇచ్చేది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే, ఆలస్యపు వడ్డీ హక్కు కాదు. బాడీ బిల్డింగ్‌కి 2920, లేతు పనికి 2592. హడావిడిగా నింపే కుర్రాడు ఆటోనగర్ అడ్రసు చూసి స్పేర్ పార్ట్స్ కోడ్ కొట్టేస్తే ఈ పోస్టులో చెప్పేదంతా వృథా. వాహనాల రిపేరు కూడా ఆ 45లోనే ఉంది, కాబట్టి రిపేరు షెడ్ల వాళ్లు ముందు ఆడిటర్‌ గారితో కూర్చోండి. గుంటూరులోనూ ఇదే తేడా. యార్డులో మిర్చి కొని అమ్మేవారు ట్రేడర్లు, అదే మిర్చిని కారం పట్టించి అమ్మే మిల్లు తయారీదారు. ఇంకోటి, పని చేసేశాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బిల్లుల మీద తగాదా తప్పదు. ఈరోజే చూసుకోండి.

తర్వాత చలానా. ఒకసారి మీ ఫైల్లోంచి పాత డెలివరీ చలానా బయటికి తీసి చూడండి. గేటు దగ్గర సెక్యూరిటీ గీసిన గీత, సగమే పడిన స్టాంపు. తేదీ ఉందా? గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచి. డెలివరీ అయిన 15 రోజుల్లోపు కొనేవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు ఇచ్చిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఆరు నెలల తర్వాత 'వెల్డింగ్ బాగోలేదు' అంటే చెల్లదు. కానీ తేదీ లేని చలానాతో ఆ మాట నిరూపించలేరు. సంతకం, పేరు, తేదీ పడ్డాకే బండి వెనక్కి తిప్పమని మీ డ్రైవర్‌కి చెప్పండి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చెల్లించాల్సిన ఆఖరి తేదీ అచ్చు వేయించండి.

ఇప్పుడు ఏఐ సంగతి. లెటర్ రాయడం రాదని ఊరుకునే వాళ్లు చాలామంది. చాట్‌జీపీటీకో జెమినైకో బిల్లు నంబరు, తేదీ, మొత్తం, డెలివరీ తేదీ, గడువు ఇచ్చి మర్యాదగా ఒక రిమైండర్ రాయమంటే నిమిషంలో ఇస్తుంది, తెలుగులో చెప్పినా ఇంగ్లిష్‌లో రాస్తుంది. పార్టీ పాన్, బ్యాంకు వివరాలు మాత్రం అందులో పెట్టకండి. అది రాసిన సెక్షన్ నంబర్లు గుడ్డిగా నమ్మకండి, లేనివి కూడా కల్పిస్తుంది. ఎంఎస్ఎంఈడీ చట్టంలో గడువుకి సెక్షన్ 15, వడ్డీకి సెక్షన్ 16, ఈ రెండూ సరిపోయాయో లేదో చూసి మెయిల్లో పంపండి. ఫోన్లో ఎంత గట్టిగా అడిగినా సాక్ష్యం మిగలదు.

అన్నిటికన్నా గట్టి ఆయుధం 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 43బి(హెచ్), 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు గడువు దాటించి బాకీ పెడితే, కొనేవాడికి ఆ ఖర్చు డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప పన్ను లెక్కకు రాదు. అందుకే మార్చిలో పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు కంగారు పడతారు. కొందరు బిల్లు వెనక్కి తీసుకుని ఏప్రిల్ తేదీతో ఇవ్వమంటారు. ఒప్పుకోకండి. ఒకసారి ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అందులో సెక్షన్ నంబర్లు వేరు, కాబట్టి లెటర్లో సెక్షన్ నంబరు రాసే ముందు ఆడిటర్‌ని అడగండి.

అప్పటికీ కదలకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్లో ఫిర్యాదు. అది ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది, ముందు రాజీ, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. 90 రోజుల్లో తేలాలని చట్టం చెప్తుంది, దాని మీదే ఆధారపడి ఇంటి ఖర్చు లెక్కేసుకోకండి. కానీ తీర్పు మీకు వచ్చాక కొనేవాడు కోర్టుకెళ్లాలంటే అందులో 75 శాతం ముందు జమ చెయ్యాలి. ఈ ఒక్క మాట లెటర్లో ఉంటే చాలామంది దిగొస్తారు.

మీ పార్టీ కంపెనీ అయి, టర్నోవర్ 250 కోట్లు దాటితే, బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లో చేరిందో లేదో అడగండి, చేరడం తప్పనిసరి. వాళ్లు బిల్లు ఒప్పుకుంటే బ్యాంకులు పోటీ పడి ముందే డబ్బిస్తాయి. రేపు కంపెనీ ఎగ్గొట్టినా బ్యాంకు మీ మీదికి రాదు.

అడిగితే ఆర్డర్లు పోతాయన్న భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కాదు. ఉన్నదంతా ఒకే పార్టీ పని అయితే ఈరోజే నోటీసు ఇవ్వమని నేను చెప్పను. ముందు రెండో పార్టీని చూసుకోండి, ఈలోపు చలానాలు సరిచేసుకోండి. ఎదుగుదల అంటే నాకు ఇదే. ఆదివారం గంటసేపు కూర్చుని ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులైంది అని నోటుబుక్కులోనో ఎక్సెల్‌లోనో రాసుకోవడం, 30 రోజులు దాటిన పేరుకి సోమవారం పొద్దున్నే మెయిల్ పెట్టడం. మోటివేషన్ వీడియోకి ఇచ్చే గంట దీనికివ్వండి. మార్చిలోపు రావాల్సిన బాకీల లెటర్లు ఫిబ్రవరి రెండో వారానికల్లా వెళ్లిపోవాలి.