సవరణ: పాత కారు స్టీరియో, ఎర్త్ సంగతి

పాత కార్ల స్టీరియోల గురించి మొన్న రాసినదానిలో "రెండు నాబ్‌ల రెట్రో సెట్ ఏ పాత కారుకైనా సరిపోతుంది" అని ఉంది. ఆ సెట్ అంటే పాత రేడియోలా కనిపించే ఇప్పటి స్టీరియో. ఆ మాటను నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ వైరు బాడీకి బిగించిన) కార్లకు మాత్రమే అని చదువుకోండి. 1960ల తొలి ఏళ్ల బ్రిటిష్ డిజైన్ కార్లు చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి బిగించి ఉంటుంది. ఇప్పటి స్టీరియోల కేసింగ్ నెగటివ్. దాన్ని అలాగే ఇనుప డ్యాష్‌బోర్డుకు బిగిస్తే షార్టే! ఫ్యూజుతో పోతే అదృష్టం. బానెట్ ఎత్తి ఏ వైరు బాడీకి ఉందో మీరే చూసుకోండి, మధ్యలో ఎవరైనా మార్పించి ఉండొచ్చు కూడా.

ఒరిజినల్ రేడియోనే ఉంచుతామంటే ఇంకో సంగతి. మన దేశంలో ఎఫ్‌ఎం మొదలైంది 1977లో, మద్రాసులో. అంతకు ముందు సెట్లలో మామూలుగా మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే. లోపల ఎఫ్‌ఎం బోర్డు పెట్టించి నాబ్‌లు అలాగే ఉంచుకోవచ్చు. డ్యాష్ కోసి 180×50 మిల్లీమీటర్ల డిన్ (ఇప్పటి కారు స్టీరియోల ప్రామాణిక సైజు) సెట్ దూర్చడం కంటే నాకదే నయమనిపిస్తుంది.

విశాఖలో బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు సెట్ మార్చేముందు ఏంటెనా అడుగుభాగం, ఎర్త్ బోల్టు విప్పి చూడండి. ఉప్పుగాలికి అక్కడ తుప్పు పడుతుంది. రేడియోలో గరగర దానివల్లే అయితే గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు.