చుక్కాని లేని పడవకు మొదట ఏం కొనాలి?

రెండేళ్ల కిందట వేసవిలో మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఇక్కడ డాలస్ దగ్గరి లూయిస్‌విల్ లేక్‌లో బోట్లు దించే ర్యాంప్ దగ్గర ట్రైలర్ మీదున్న మా జెట్ బోటు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక వంగి చూసి, "చుక్కాని ఏదిరా?" అన్నారు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి కదా, పడవ కనిపిస్తే కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. "దీనికి ఉండదు నాన్నగారూ, నీళ్లే తిప్పుతాయి" అన్నాను. సరే అన్నారు గానీ, ఆ జవాబు ఆయనకు నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది.

ఆయన అడిగింది ఎంత సరైన ప్రశ్నో ఆ సాయంత్రమే అర్థమైంది. డాక్ దగ్గరకు వస్తుంటే వేగం కాస్త ఎక్కువైందనిపించింది. కంగారులో ఎవరైనా చేసేదే నేనూ చేశాను. థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే మీట) మొత్తం వెనక్కి లాగేసి, స్టీరింగ్ ఎడమకు తిప్పాను. స్టీరింగ్ చివరిదాకా తిరిగింది. బోటు మాత్రం తిరగలేదు. ఎటు పోతోందో అటే నేరుగా వెళ్లి డాక్ మూలకు కొట్టుకుంది. ఫైబర్‌గ్లాస్ జానెడు మేర పగిలింది. ముందు సీట్లో కూర్చున్న నాన్నగారి మోచేయి గీసుకుపోయింది. అక్కడ ఆ క్షణంలో పిల్లలెవరైనా ఈదుతూ ఉండి ఉంటే? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఆలోచనే.

జెట్ బోటుకు బయట తిరిగే పంకా ఉండదు. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లను లోపలికి లాగి, పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, వాటిని వెనక నాజిల్‌లోంచి బలంగా చిమ్ముతుంది. మనం స్టీరింగ్ తిప్పితే తిరిగేది ఆ నాజిలే. కాబట్టి నీళ్లు చిమ్ముతున్నంతసేపే బోటు మన మాట వింటుంది. థ్రాటిల్ వదిలేస్తే చుక్కాని ఊడిపోయినట్టే. ఎదురుగా ఏదైనా వస్తే తప్పించుకోవడానికి కొంచెం థ్రాటిల్ ఇస్తూ తిప్పాలి. కారు నడిపిన కాళ్లకూ చేతులకూ ఇది పూర్తిగా ఎదురు అలవాటు. ప్రమాదం కనిపించగానే వదిలేయడమే మనకు తెలుసు. మా బోటు అమ్మిన షాపులో తాళాలిచ్చే ముందు పది నిమిషాలు మాట్లాడారు. అందులో ఎనిమిది నిమిషాలు బ్లూటూత్ ఎలా కలపాలో చెప్పడానికే సరిపోయింది.

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి సెకండ్ హ్యాండ్ జెట్ బోట్లు కొనడం ఈమధ్య బాగా చూస్తున్నాను. సంతోషమే. వాట్సాప్ గ్రూపుల్లో చర్చ మాత్రం ఎప్పుడూ స్పీకర్లు, టవర్, నీళ్లలో వెలిగే లైట్లు, ఇంజన్ ట్యూన్ చుట్టూనే తిరుగుతుంది. నాజిల్ వెనక బిగించే చిన్న రెక్కలు దొరుకుతాయి. థ్రాటిల్ తగ్గించినా బోటు కొంతవరకు తిరిగేలా చేస్తాయవి. కొన్ని కొత్త మోడళ్లలో ఇలాంటి ఏర్పాటు కంపెనీ నుంచే వస్తోంది. పాత బోటుకు విడిగా కొనాలంటే కొన్ని వందల డాలర్లు. ఆ మాటెత్తితే "ఇప్పుడెందుకులే అన్నా, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. ఏనుగునిచ్చి అంకుశానికి తగవులాడినట్టుంది ఇది. నేను డాక్‌కు గుద్దిన తర్వాతి వారమే బిగించుకున్నాను. డాక్ దగ్గర నెమ్మదిగా వస్తున్నప్పుడు తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అవి ఉన్నాయి కదా అని థ్రాటిల్ సంగతి మరిచిపోకూడదు, అది వేరే మాట.

మనం పట్టించుకోని విషయం ఇంకొకటుంది. టెక్సాస్‌లో 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. అయితే ఆ నిబంధన 1993 సెప్టెంబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకే. అంటే మన పిల్లలు చేయాలి, మనలో నలభై దాటినవాళ్లకు అక్కర్లేదు. ఇక్కడే పుట్టి, తండ్రి పక్కన కూర్చుని బోటు నేర్చుకున్న పెద్దవాళ్లకు ఆ మినహాయింపు సరిపోతుందేమో. మనం బోటు స్టీరింగ్ మొదటిసారి పట్టుకున్నదే నలభై ఏళ్లప్పుడు. చట్టం మనల్ని వదిలేసినా మనం ఆ కోర్సు చేయాలి. ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు, ఓ శనివారం చాలు. నేనూ మా అబ్బాయీ పక్కపక్కన కూర్చుని చేశాం. అలలు లేపకుండా నెమ్మదిగా పొమ్మని చెప్పే నో-వేక్ బోయలు, ఎదురెదురుగా వచ్చినప్పుడు ఎవరు ఎటు తప్పుకోవాలన్నది, నాకు సగం తెలియదు.

ఇక పంపు. న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ 1950ల్లో ఈ జెట్‌ను బోట్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దింది లోతులేని, రాళ్లు తేలిన నదుల కోసం. అది విని మనవాళ్లు జెట్ బోటును మోకాలి లోతు నీళ్లలోకి తీసుకెళ్లి అక్కడే స్టార్ట్ చేస్తారు. నదిలో వేగంగా నీటిపై తేలుతూ పోవడం వేరు, నిలబడినచోట ఇంజన్ వేయడం వేరు. నిలబడినచోట వేస్తే అడుగునున్న ఇసుకా గులకరాళ్లూ నేరుగా పంపులోకే. మూడడుగుల కన్నా తక్కువ లోతులో ఇంజన్ వేయకూడదు. ఇంపెల్లర్‌కూ దాని చుట్టూ ఉండే వేర్ రింగ్‌కూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. అది అరిగితే ఆర్పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. అప్పుడు వేల డాలర్లు పోసి ఇంజన్ ట్యూన్ చేయిస్తే పెరిగేది మోతే. ముందు రింగ్ మార్చండి.

కిందటి జూలైలో, పిల్లలు కూర్చునే గాలి ట్యూబ్‌ను బోటు వెనక లాగే తాడు మా పంపులోకి పోయింది. లేక్ మధ్యలో ఒక్కసారిగా బోటు వణికి, ఇంజన్ ఆగింది. తాళంచెవి తీసి, లాన్యార్డ్ (డ్రైవరు ఒంటికి తగిలించుకునే తాడు, ఊడితే ఇంజన్ ఆగిపోతుంది) లాగేసి రెండూ మా ఆవిడ చేతిలో పెట్టాను. చేయి లోపలుండగా ఎవరూ పొరపాటున కూడా స్టార్ట్ చేయకూడదు కదా. వెనక కూర్చున్నవాళ్లను ముందుకు పంపాను, బరువుకు వెనక వైపు దిగి నీళ్లు పైకొస్తాయి కాబట్టి. పంపులోకి చేయి పెట్టడానికి ఉండే క్లీన్-అవుట్ మూత తిప్పి తీసి భుజం దాకా చేయి పెట్టాను. పసుపు తాడు ఇంపెల్లర్ షాఫ్ట్‌కు దారపుండలా చుట్టుకుని, వేడికి కరిగి రాయిలా బిగుసుకుపోయింది. రంపపు పళ్ల కత్తితో ఒక్కొక్క పోగే కోస్తూ ముప్పావుగంట. అప్పటి నుంచి ఆ కత్తి గ్లోవ్ బాక్స్‌లోనే ఉంటుంది, తాడు చూడటానికే ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చుంటాడు.

ఇంటికొచ్చాక పంపును కొళాయి నీళ్లతో కడిగేటప్పుడు వరస ముఖ్యం. మా బోటుకైతే ముందు ఇంజన్, వెంటనే కొళాయి. ఆపేటప్పుడు ముందు కొళాయి, ఆ తర్వాత ఇంజన్. తిరగేస్తే నీళ్లు ఎగ్జాస్ట్ లోంచి ఇంజన్ లోపలికి వెళ్తాయి. మీ మాన్యువల్ ఒకసారి చూసుకోండి. గాల్వెస్టన్ ఉప్పునీళ్లలో తిప్పొస్తే ఈ పని మర్నాటికి వాయిదా వేయొద్దు. మన లేకుల్లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు పాకుతున్నాయి కాబట్టి బయటికి రాగానే డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయాలన్నది 2014 నుంచి టెక్సాస్ అంతటా రూలు. తీసిన ప్లగ్‌ను మళ్లీ పెట్టడం మరిచి బోటు దించినవాళ్లను ర్యాంప్ దగ్గర చూశాను. నేను ప్లగ్‌ను తాళంచెవికే కట్టి ఉంచుతాను.

లాన్యార్డ్ గురించి ఇంకోమాట. 26 అడుగుల లోపు బోట్లలో వేగంగా పోతున్నప్పుడు డ్రైవరు దాన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం. మణికట్టుకు తగిలించుకోవడానికి రెండు సెకన్లు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ వెనక ప్లాట్‌ఫాం మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి వాసనుండదు.

లైఫ్ జాకెట్ కదిలే బోటులో పదమూడేళ్ల లోపు పిల్లలకే తప్పనిసరి. పెద్దవాళ్లకైతే జాకెట్ బోటులో ఉంటే చాలు, వేసుకోనక్కర్లేదు. మా బోటులో ఆ తేడా లేదు. చీర కట్టుకున్న అత్తగారైనా వేసుకోవాల్సిందే. మనలో చాలామందికి ఈత రాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎంతమంది పోయారో మనం ఇక్కడ టీవీల ముందు కూర్చుని చూశాం. నాన్నగారు ఆ రోజుల్లో ఫోన్‌లో ఇంకో విషయం మాట్లాడేవారు కాదు. మోచేయి గీసుకుపోయిన సాయంత్రం కూడా ఆయన జాకెట్ ఇంటి గుమ్మం దగ్గర గానీ విప్పలేదు.

ఈ జూన్‌లో మన సంఘం లేక్ పిక్నిక్ ఉంది. భోజనాలకు ముందు ఓ గంట ర్యాంప్ పక్కన ఖాళీగా ఉంచమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. నా బోటు ట్రైలర్ మీదే తెస్తాను. క్లీన్-అవుట్ మూత తీసి లోపల ఇంపెల్లర్ ఎలా ఉంటుందో, రెక్కలు ఎక్కడ బిగిస్తారో చూపిస్తాను. బోటు కొన్నవాళ్లే కాదు, అందులో ఎక్కి కూర్చునేవాళ్లూ రండి. ముఖ్యంగా ఆడవాళ్లు రండి. డ్రైవరు నీళ్లలో పడిపోతే బోటును వెనక్కి తిప్పి తేవాల్సింది మీరే.