ఏజెంటు మన ఊళ్లోనే ఉన్నాడు

కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఇంటికి పంపే వాయిస్ మెసేజ్‌లు మేం కొన్ని విన్నాం. మాట కంటే ముందు కుళాయి చప్పుడు వినిపిస్తుంది. మేడమ్ చెవిన పడకూడదని బాత్‌రూంలో నీళ్లు వదిలి, గుసగుసగా చెప్పుకుంటారు: నిద్ర లేదని, జీతం ఇవ్వలేదని, చెయ్యి కాలిందని, ఎలాగైనా రప్పించమని. ఆ ఫోన్ పట్టుకుని వాళ్లమ్మ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ వరుసలో నిలబడుతుంది.

ఆ అర్జీలో ఏజెంటు పేరు ఎక్కడో చివర ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. ఎందుకంటే అతను పరాయివాడు కాదు. మన విశాఖలో ఆరిలోవలోనో గాజువాకలోనో పక్క వీధి మనిషి, వరసకు తమ్ముడో బాబాయో అవుతాడు. "పైసా ఖర్చు లేదు వదినా, టికెట్టూ వీసా అన్నీ వాళ్లే పెట్టుకుంటారు" అంటాడు. చాలాసార్లు అది నిజమే, కిటుకంతా అక్కడే ఉంది. డబ్బు అరబ్బు ఇంటివాళ్లు ఏజెంట్లకు కడతారు, కాబట్టి వాళ్ల లెక్కలో ఆమెను కొనుక్కున్నట్టే. వెళ్లిపోతానంటే కట్టిన సొమ్ము ఇచ్చి పొమ్మంటారు, పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తట్టుకోలేక గడప దాటిందా, పారిపోయిందని కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీపడ్డ యజమాని, ఫిర్యాదు చేస్తాడు. అక్కడితో ఆమె ఖల్లివెల్లి, కాగితాల్లేని మనిషి. కొట్టినవాళ్ల మీద చెప్పుకుందామని స్టేషన్‌కి వెళ్తే ముందు తననే లోపలేస్తారని వణుకు.

చట్టాలు లేక కాదు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసుకుంది. మన వైపు చూస్తే, పదో తరగతి పాస్ కాని మహిళ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ఆ నియామకాలు 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి, మన రాష్ట్రంలో అయితే ఓంక్యాప్ అనే ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ. వీటన్నిటినీ ఏజెంటు ఒక్క విజిట్ వీసాతో దాటేస్తాడు. ఆ దారిలో వెళ్లిన మనిషి ప్రభుత్వ రికార్డుల్లో పనిమనిషే కాదు, చూడటానికి వెళ్లిన టూరిస్టు. 30 ఏళ్ల నిబంధన మంచి ఉద్దేశంతో పెట్టిందే కావచ్చు, కానీ అప్పులు నెత్తిమీదున్న 25 ఏళ్ల తల్లిని అది ఆపడం లేదు, ఈ దొంగదారిలోకే నెడుతోందన్నది మా అభిప్రాయం.

2024 మే నెల గుర్తుచేసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని కుర్రాళ్లను కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టు రట్టు చేసింది మన విశాఖ పోలీసులే. ఇక్కడి ఏజెంట్లను పట్టుకున్నారు, అక్కడ చిక్కుకున్నవాళ్లు తిరిగొచ్చారు. అంటే మనవాళ్లకు చేతకాని పని కాదిది. మరి ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషి విషయంలో ఆ పట్టుదల ఏది? ఆమె ఎయిర్‌పోర్టులో దిగగానే కేసు అయిపోయినట్టే. అమ్మను కౌగిలించుకుని ఏడ్చే ఫొటో మేమూ వేశాం, అక్కడితో ఊరుకున్నాం, అది మా తప్పు కూడా. ఆ వారంలోనే అదే ఏజెంటు ఇంకో ఇంటి గుమ్మం ఎక్కుతాడు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంటు దొరికితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా 2 వేల రూపాయలు. ఒక్క మనిషిని పంపితే వచ్చే కమీషన్ ముందు ఆ జరిమానా ఏపాటిది? అందుకే, మోసపుచ్చి తీసుకెళ్లినట్టు తేలిన ప్రతి ఫిర్యాదులోనూ భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టాలి. బాధితురాలు తిరిగొచ్చినా ఆ కేసు నడవాలి. కంబోడియా కేసుకు పెట్టినట్టే దీనికీ ప్రత్యేక బృందం కావాలి.

ఇళ్లలో వాళ్లకు ఒక మాట. ఏజెంటు వీసా చేతికిచ్చిన రోజే చదువుకున్న పిల్లలెవరితోనైనా చదివించండి. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే ప్రయాణం ఆపేయండి. ఎలా ఉన్నా సరే, ఆ కాగితం ఫొటో, పాస్‌పోర్టు మొదటి పేజీ, అతని పేరు, ఫోన్ నంబరు ఇంట్లో ఒకరి ఫోన్‌లో దాచుకోండి. రేపు అవసరం పడితే పోలీసులు మొదట అడిగేది అవే.