ముర్రుపాలకు ముందు మరేదీ వద్దు

పుట్టిన బిడ్డ నాలుకకు ముందుగా తేనె చుక్కో, పంచదార నీళ్లో, అరగదీసిన వసకొమ్మో తగిలించాలన్న పట్టుదల చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో ఇంకా పూర్తిగా పోలేదు. పెద్దల ప్రేమను శంకించనక్కరలేదు. కానీ ఆ తొలి గంటల్లో పసికందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే, ముర్రుపాలకు ముందు మరేదీ పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

నవజాత శిశువుకు రోగనిరోధక కణాలు లేకపోలేదు. వాటికింకా తర్ఫీదు లేదు. రోగక్రిములను అడ్డుకునే యాంటీబాడీల్లో ఐజీజీ రకం గర్భంలో ఉండగానే మాయ ద్వారా అందుతుంది గానీ, పేగును కాపాడే ఐజీఏ రకం పాలతోనే రావాలి. దాంతోపాటు వచ్చే వృద్ధి కారకాల్లో (కణాల ఎదుగుదలను నడిపే ప్రోటీన్లలో) ఒకటైన టీజీఎఫ్-బీటా, బిడ్డ పేగులోని బీ కణాలు సొంతంగా ఐజీఏ తయారుచేసుకునేలా చేస్తూనే, మేలుచేసే సూక్ష్మజీవుల మీద రోగనిరోధక కణాలు విరుచుకుపడకుండా నిలువరిస్తుంది. ఈజీఎఫ్ అనే మరో కారకం పేగు లోపొరను ఎదిగిస్తుంది. ఛాతీలోని థైమస్ గ్రంథిలో టీ కణాలనే రోగనిరోధక కణాల ఎదుగుదలకు అవసరమైన ఐఎల్-7, క్రిములను మింగేసే తెల్లరక్తకణాలైన న్యూట్రోఫిల్స్ మూలుగలో పుట్టేలా ప్రేరేపించే జీ-సీఎస్ఎఫ్ కూడా తల్లిపాలలో ఉన్నాయి.

నెలలు నిండని శిశువుల మూలుగలో న్యూట్రోఫిల్స్ నిల్వ తక్కువ. ఇన్‌ఫెక్షన్ సోకితే ఇట్టే అడుగంటుతుంది. ఆ కొరతను మందుతో పూడ్చవచ్చని వైద్యులు ఆశించారు. అయితే 280 మంది శిశువులపై జరిపి 2009లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, జీ-సీఎస్ఎఫ్ కోవకే చెందిన జీఎం-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్‌తో న్యూట్రోఫిల్స్ పెరిగాయే తప్ప సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్) తగ్గలేదు. సంఖ్య పెరిగినంత మాత్రాన రక్షణ పెరగదన్నమాట.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది 41.8 శాతం పిల్లలకే. అదే సర్వేలో తమిళనాడులో 44.9 శాతం కాన్పులు సిజేరియన్లు. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు తల్లి స్పృహలోనే ఉంటుంది కనుక, ఆమె కదల్లేకపోయినా నర్సు బిడ్డను రొమ్ముకు చేర్చి పట్టుకుంటే సరిపోతుంది. అదీ కుదరకపోతే ముర్రుపాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పాల బ్యాంకులు విలువైనవే, ముఖ్యంగా తల్లికి పాలు పడనప్పుడు; కానీ క్రిములు చావడానికి అక్కడ 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేసిన పాలలో, తల్లిపాలలో సహజంగా ఉండే సజీవ కణాలు మిగలవు.

కనుక కాన్పు గదిలోనే తొలి పాలు పట్టించే బాధ్యతను ప్రతి ఆసుపత్రీ ఫలానా నర్సుకని పేరుపెట్టి అప్పగించాలని, పట్టిన సమయాన్ని కేస్‌షీట్‌లో రాయించాలని కోరుతున్నాం. ఆంధ్ర నుంచి పనులకు వచ్చిన బాలింతలు చేరే వార్డుల్లో ఈ సంగతులు తెలుగులో చెప్పే మనిషిని ప్రభుత్వం నియమించాలి. ఆ మాటలు బాలింతతోపాటు పక్కనే ఉన్న అత్తగారి చెవిన, అమ్మమ్మ చెవిన కూడా కాన్పుకు ముందే పడాలి.