కోతా, కిరణమా?

అంబాజీపేట దగ్గరి పల్లెలో, కాలువ గట్టు మీద ఒక అన్నా చెల్లెలూ వాదించుకుంటున్నారు. తండ్రికి హెపటైటిస్ బి వల్ల కాలేయం గట్టిపడింది. కుడివైపు పుట్టిన క్యాన్సర్ గడ్డ, కాలేయానికి నెత్తురు తెచ్చే పోర్టల్ సిర కుడి కొమ్మలోకి పాకింది. ఆపరేషన్ చేయించాలా, రేడియేషన్ ఇప్పించాలా అన్నదే వాదన. చెల్లెలు కాకినాడలో నర్సు.

అన్న: కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే కుళ్లిందంతా కోసేసి బోర్డో పేస్టు పూస్తాం. గడ్డను ఒంట్లో ఉంచి వైద్యమేమిటమ్మా? కోయించేద్దాం.

చెల్లెలు: మొవ్వు కోసినా చెట్టు గట్టిగా ఉంటేనే బతుకుతుంది అన్నయ్యా. నాన్న కాలేయమంతా గట్టిపడిపోయింది, సిరోసిస్ అంటారు. అలాంటివాళ్లకు ఆపరేషన్ తర్వాత సుమారు 40 శాతం కాలేయం మిగలాలంటారు. మామూలుగా కుడి భాగమే 60 శాతానికి పైగా ఉంటుంది. అది తీసేస్తే మిగిలింది చాలకపోతే? కామెర్లు, పొట్టలో నీరు... అలా పోయినవాళ్లను నేను చూశాను.

అన్న: కుడి కొమ్మ మూసుకుపోతే ఎడమ భాగం పెరుగుతుందని డాక్టరుగారే అన్నారు. చైనాలో, జపాన్‌లో ఈ స్థితిలోనూ ఆపరేషన్ చేస్తున్నారు కదా!

(ఈ మాటలో నిజముంది. ఆమె కూడా కాదనలేదు.)

చెల్లెలు: చేస్తున్నారు, ఎంచి చేస్తున్నారు. 2019లో వెలువడిన చైనా పరిశోధనలో కొందరికి నేరుగా ఆపరేషన్ చేశారు, కొందరికి ముందు రేడియేషన్ ఇచ్చి తర్వాత చేశారు. ఏడాదికి బతికున్నవాళ్లు మొదటి వర్గంలో 43 శాతం, రెండో వర్గంలో 75 శాతం. నువ్వు కోరే కోతకు కూడా కిరణమే దారి వేసింది.

అన్న: ఆ కిరణాలు మంచి కాలేయాన్ని కాల్చవా?

చెల్లెలు: కాలుస్తాయి, అందుకే మోతాదు లెక్కగట్టి గడ్డ మీదికే గురిపెట్టి, ఐదు విడతల్లో ఇస్తారు. పోర్టల్ సిర అంటే కాలేయానికి వచ్చే నెత్తురులో ముప్పావు వంతు తెచ్చే పెద్దకాలువ. అందులో గుర్రపుడెక్క చేరాక, కనిపించిన గుబురు పీకినా ముక్కలు దిగువకు పోయే ఉంటాయి. కోసినా తిరగబెట్టేది అందుకే. మందులు ఎలాగూ తప్పవు. సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు ఒక్కటే వాడినవాళ్లలో సగం మంది 12.3 నెలలు దాటి బతికితే, రేడియేషన్ కూడా కలిపినప్పుడు అది 15.8 నెలలైంది. 2020 నుంచి సొరాఫెనిబ్ కంటే మెరుగైన ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రక్షణశక్తినే క్యాన్సర్ మీదికి పురిగొల్పే వైద్యం కూడా ఉంది.

అన్న: మూడున్నర నెలల కోసమా ఇంత?

చెల్లెలు: మూడున్నర నెలలంటే ఒక దాళ్వా పంట.

అన్న చాలాసేపు నీళ్ల వైపు చూశాడు.

అన్న: ఎడమ భాగం ఎంతుందో స్కాన్‌లో కొలిపిద్దాం. 40 దాటితే కోత మాట మళ్లీ ఎత్తుతాను.

చెల్లెలు: ఎత్తు, కానీ నాన్న ఎదుట ఎత్తు. మనిద్దరం ఇంతవరకు ఆయన్ని ఒక్క మాటా అడగలేదు.